రెండిళ్ళ అంబలి

అంబలి గురించి రాస్తామంటే చింతామణి అత్త నవ్వింది. "దాంట్లో రాసేదానికి ఏముందిరా? పిండి, నీళ్ళు, ఉప్పు" అనింది. పోయిన దీపావళి దాకా మేమూ అట్లే అనుకుంటా ఉంటిమి.

ఇక్కడ మేము అంటే అక్కా తమ్ముడూ. చిక్కబళ్ళాపురంలో పక్క పక్క వీధుల్లో ఉంటాం. ఇద్దరిలో ఒకరిది బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని, అంటే వేరేవాళ్ళు చేసినదాంట్లో తప్పులు వెతికే పని. ఇంకొకరం బడిలో కన్నడ పాఠం చెబుతాం. ఇద్దరం చదివింది కన్నడ మీడియమే. మన బాగేపల్లి, చింతామణి వైపు చాలా ఇళ్ళలో లాగే మాకు తెలుగు నోట్లో ఉండాది గానీ చేతిలో లేదు. అక్షరాలు ముప్పై ఏళ్ళు వచ్చినాక నేర్చుకున్నాం. కన్నడ లిపి వచ్చినోళ్ళకి తెలుగు లిపి పెద్ద కష్టం కాదు, క దగ్గరా శ దగ్గరా చెయ్యి కొంచెం ఆగుతుంది, అంతే. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

దీపావళికి ముందు అవ్వ స్నానాలగది గడప దగ్గర జారి పడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే అయింది, బాగేపల్లి దగ్గర ఊళ్ళో చిన్నాయన ఇంటికి తెచ్చుకున్నాం. కానీ ఆ తర్వాత తిండి వదిలేసింది. ఎనభై ఏళ్ళు సంగటి తిన్న మనిషి, ముద్ద మింగను అనింది. ఇడ్లీ వద్దు. బ్రెడ్డు చూస్తేనే మొహం గోడవైపు తిప్పుకునేది. డాక్టరు రాసిచ్చిన డబ్బా పొడి పాలల్లో కలిపి ఇస్తే, "ఇది మందా, తిండా?" అని అడిగి పక్కన పెట్టేది. మనిషి రోజురోజుకీ చిక్కిపోతా ఉంటే పిన్ని ఫోన్లో ఏడ్చేది.

అట్లాంటి ఒక ఆదివారం మేము ఊళ్ళో ఉండగా చిన్నాయన కొడుకు ఎడింబరా నుంచి వీడియో కాల్ చేసినాడు. మా ఇద్దరికంటే చిన్నోడు, అక్కడ ఉద్యోగం. వాడు వంటింట్లో నిలబడి పెద్ద గిన్నెలో ఏదో కలుపుతా ఉన్నాడు. ఆ దేశంలో ఇంట్లో తాగేదానికి బీరు ఎవరైనా కాచుకోవచ్చు, 1963 నుంచి దానికి లైసెన్సూ లేదు, సుంకమూ లేదు. వాడికి అదొక పిచ్చి పట్టింది. మామూలు బీరు కాదు, వంద నూటయాభై ఏళ్ళ కిందట ఎడింబరాలో కాచిన గట్టి ఏల్‌ని అప్పటి లెక్కల ప్రకారం మళ్ళీ చెయ్యాలని. చిక్కగా, తియ్యగా ఉండే రకం. అప్పట్లో పీపా ధర ఎన్ని షిల్లింగులో దాన్నిబట్టే ఏల్‌కి పేరు పెట్టేవాళ్ళంట: అరవై షిల్లింగులది పలచన, ఎనభైది మధ్యరకం, నూట ఇరవైది ఇంకా గట్టిది. మన సంతలో "పదిరూపాయల వంకాయ, ఇరవైరూపాయల వంకాయ" అన్నట్టు.

అవ్వ చేతికి ఫోన్ ఇస్తే వాడు మన మాటల్లోనే వివరంగా చెప్పినాడు. బార్లీ గింజలు నానబెడతారు. మొలక రానిస్తారు. ఎండబెట్టి, కాచి, పొడి చేస్తారు. ఆ పొడి వేడినీళ్ళల్లో కలిపి గంట మూతపెడితే నీళ్ళు తీపెక్కుతాయి. ఆ తీపినీళ్ళు కాచి, చల్లార్చి, పులియబెడతారు.

అవ్వ అంతా విని, "అది మా అమ్మ చేసే అంబలి గదరా నాయనా. మొలకపిండిది" అనింది. కాసేపు ఆగి, "ఒక చెంబుడు దొరికితే తాగతా" అనింది.

రెండు వారాల్లో ఆమె నోరు తెరిచి అడిగిన మొదటి తిండి అది. పిన్ని వెంటనే లేచి అంబలి కాచింది, మనందరం చేసేదే: రాగిపిండి నీళ్ళల్లో కలిపి ఉడికించి, చల్లార్చి, మజ్జిగ పోసి, ఉల్లిపాయ తరిగి. అవ్వ ఒక గుక్క తాగి, "ఇది ఈ ఇంటి అంబలి" అని గిన్నె ఇచ్చేసింది. ఆ మాట మేము అప్పుడు సరిగ్గా వినలేదు. విని ఉంటే నాలుగు నెలలు మిగిలుండేవి.

మా తిప్పలు చెప్పేముందు ఒక చిన్న సంగతి. స్కాట్లాండు బీరుకీ మన బెంగళూరుకీ చుట్టరికం ఉండాది. 1915లో థామస్ లీష్మన్ అనే స్కాట్లాండు ఆయన ఈ దక్షిణాదిలోని కొన్ని పాత బీరు కార్ఖానాల్ని కలిపి యునైటెడ్ బ్రూవరీస్ పెట్టినాడు. కంటోన్మెంటు సోల్జర్ల దాహం తీర్చేదానికి మొదలైన యాపారం అది. మా తమ్ముడు ఈ సంగతి ఎడింబరాలో కూర్చుని కనిపెట్టి మాకు చెప్పినాడు, మేము అరవై కిలోమీటర్ల దూరంలో ఉండి వినలేదు. ఇంకో సంగతి కూడా ముందే చెప్పేస్తాం: వాడు చేసింది మేము ఇక్కడ చేస్తే నేరం. 1965 నాటి కర్ణాటక ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం చెయ్యకూడదు. మాకు మద్యం అక్కర్లేదు కూడా. మాకు కావాల్సింది అవ్వ అడిగిన ఒక చెంబుడు అంబలి.

టెస్టింగులో మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. ఏది వస్తే సరైనట్టు? దాన్ని ఎక్స్‌పెక్టెడ్ రిజల్ట్ అంటాం. అది కాగితం మీద రాసి ఉండాల. తమ్ముడికి ఉండాది. ఎడింబరాలో విలియం యంగర్ లాంటి పెద్ద కార్ఖానాలవాళ్ళు ప్రతి కాపుకీ ఏ గింజలు ఎన్ని, నీళ్ళ వేడి ఎంత, ఎన్ని గంటలు కాచినారు, ఏ రోజు ఎంత చిక్కదనం అని పుస్తకాల్లో రాసుకున్నారు. అట్లాంటి పుస్తకాలు గ్లాస్గో యూనివర్సిటీవాళ్ళ దగ్గర భద్రంగా ఉన్నాయి. 1837లోనే రాబర్ట్స్ అనే ఆయన స్కాచ్ ఏల్ కాచేదాని మీద ఏకంగా ఒక పుస్తకమే వేసినాడు. మాకు ఏముంది? మా అమ్మ నోటుబుక్కు. దాంట్లో మాట తెలుగు, అక్షరం కన్నడ. మిరపకాయ తొక్కు ఉంది, కజ్జికాయలు ఉన్నాయి, పేలపిండి ఉంది. అంబలి లేదు. అంబలి ఎవరు రాసుకుంటారు, నీళ్ళు తాగేది ఎట్లో రాసుకుంటారా?

కాబట్టి మాకున్న ఒకే పుస్తకం అవ్వ.

రాగులు చింతామణి అత్త పంపించింది. వాళ్ళ చేను వానమీద ఆధారం, కార్తీకంలో కోత అయింది. వాళ్ళు వేసేది జి.పి.యు. 28. అవ్వ చిన్నప్పటి విత్తనం ఇది కాదు. మధ్యలో లక్ష్మయ్యగారు ఆఫ్రికా రాగినీ మన రాగినీ కలిపి తెచ్చిన ఇండాఫ్ రకాలు వచ్చి మన పాత రాగుల్ని చాలా చేలల్లోనుంచి తరిమేసినాయి. దిగుబడి పెరిగింది, కడుపులు నిండినాయి, దాన్ని తప్పుపట్టలేం. కానీ పాతదాన్ని పాతదిలాగే చెయ్యాలనుకునేవాళ్ళకి మొదటి మెట్టులోనే కాలు జారుతుంది. తమ్ముడిదీ ఇదే గోడు. 1860 నాటి బార్లీ వాడికి మాత్రం యాడ దొరుకుతుంది?

రెండు కిలోలు ఒక రాత్రి నానబెట్టినాం. పొద్దున వడగట్టి పాత పంచెగుడ్డలో మూటకట్టి వంటింటి మూల పెట్టినాం. పూటకొకసారి నీళ్ళు చిలకరించేది. రెండో రోజు సాయంత్రానికి మూట వెచ్చబడింది, విప్పితే గింజగింజకీ తెల్లటి పోగు. ఇంత చిన్న గింజ అంత వేడి పుట్టిస్తుందని చెయ్యి పెడితే గానీ తెలీదు. మేడమీద చీర పరిచి ఎండబెట్టినాం, పావురాల వాటా పోగా మిగిలింది చేటలో పోసి, రుద్ది, పోగులు చెరిగినాం. తర్వాత బాండలిలో వేయించినాం. పసిబిడ్డలకి రాగి సరి చేసేటప్పుడు మన ఇళ్ళలో ఎట్లా వేయిస్తారో అట్లా, కమ్మటి వాసన వచ్చేదాకా. మరలో ఆడించినాం. పిండి ఎర్రగా, బిస్కట్టు వాసనతో ఉంటే భలే వచ్చింది అనుకున్నాం.

ఆ శనివారం బాగేపల్లికి పోయి, మామూలు రాగిపిండితో గట్టిగా జావ కాచి, బుడబుడా ఉడుకుతా ఉండగానే మొలకపిండి కలిపినాం. పలచబడలేదు, తీపెక్కలేదు. అతికించుకునే బంక లాగా గట్టిపడింది. పొద్దున్నే పులిసింది గానీ అదే బంక. అవ్వ ఒక స్పూను నోట్లో పెట్టుకుని, "గోడకి కాగితాలు అంటించుకోండి" అనింది.

అట్లా తిట్టింది అని మేము సంతోషపడినాం. తిట్టేదానికైనా ఓపిక వచ్చింది కదా.

తమ్ముడిని అడిగితే తప్పు ఒకటి కాదు, రెండు అన్నాడు. మొలక వచ్చిన గింజలో ఒక గుణం పుడుతుంది, అది పిండిని కరిగించి చక్కెర చేస్తుంది. ఆ గుణం వేడికి చచ్చిపోతుంది. మేము బాండలిలో ఒకసారి చంపినాం, ఉడికే జావలో ఇంకోసారి చంపినాం. చచ్చినదాన్ని మళ్ళీ చంపినట్టు. బార్లీ తర్వాత మాల్టు చేసేదానికి రాగి చాలా మంచి గింజ అని చెప్పి, మన మైసూరు సి.ఎఫ్.టి.ఆర్.ఐ.వాళ్ళు రాగి మాల్టు మీద ఏళ్ళ తరబడి పని చేసినారు, చదువుకోండి అని కూడా తిట్టినాడు. గట్టి జావలో చారెడు మొలకపిండి సరైన వేడిలో కలిపితే జావ నీళ్ళలాగా జారుతుందంట. తమ్ముడు తన నీళ్ళని 67 డిగ్రీలకి పెట్టుకుంటాడు. "అవ్వని అడగండి, వాళ్ళమ్మ ఎంత వేడిలో కలిపేదో" అన్నాడు.

డిగ్రీలు అవ్వకి ఏం తెలుసు అనుకుంటానే అడిగినాం.

"కుండ దించి పక్కన పెట్టాల. దాని కడుపు మీద అరచెయ్యి ఆనించాల. ఒకటి, రెండు, మూడు. ఒకటికే చెయ్యి లాగేస్తే ఇంకా కాలతాంది అని. అయిదు దాకా నిలిస్తే ఆరిపోయింది, దండగ. మూడుకి చెయ్యి తీసెయ్యాల అనిపిస్తే, అప్పుడు పొయ్యాల పిండి."

స్టీలు గిన్నెతో ఇది కుదరదు. కుండే కావాల. బాగేపల్లి సంతలో ఒక కుండ కొని, రెండు రోజులు నీళ్ళు పోసి నానబెట్టి, కొత్త మొలకపిండి (ఈసారి ఎండలో మాత్రమే ఎండించింది, బాండలి జోలికి పోలేదు) పట్టుకుని మళ్ళీ పోయినాం. జావ కాచి కుండలో పోసి అవ్వ మంచం పక్కన పీట మీద పెట్టినాం. ఆమె చెయ్యి సన్నగా వణుకుతా ఉంది. మేము మోచెయ్యి పట్టుకుంటే అరచెయ్యి కుండకి ఆనించింది. "ఒకటి." తీసేసింది. మాట్లాడకుండా కూర్చున్నాం. కాసేపటికి మళ్ళీ. "ఒకటి, రెండు." ఇంకా కాసేపు. "ఒకటి, రెండు, మూడు. ఊఁ. పొయ్యండి."

పోసేముందు లోపల థర్మామీటరు పెట్టినాం. 66.

ఇంకో వారం మళ్ళీ చేయించినాం, ఒక్కసారి వచ్చిన ఫలితాన్ని నమ్మడం మా పనిలో లేదు. ఈసారి 63. ఎడింబరాకి ఫోన్ చేసి చెబితే తమ్ముడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత వాళ్ళ పాత సంగతి ఒకటి చెప్పినాడు. థర్మామీటరు రాకముందు అక్కడ బీరు కాచేవాళ్ళు నీళ్ళు మరిగించి దించి, ఆవిరి తగ్గి, నీళ్ళల్లో తమ మొహం తమకి కనపడేదాకా ఆగేవాళ్ళంట. అప్పుడు మాల్టు కలిపేది. 1762లో కూంబ్రూన్ అనే ఆయన థర్మామీటరుతో కొలిచి కాచాలని పుస్తకం రాసినాక గానీ పెద్ద కార్ఖానాలు మెల్లగా మారలేదు. వాళ్ళు మొహం చూసుకున్నారు, మా కదిరి ముత్తవ్వ అరచెయ్యి పెట్టింది.

మొలకపిండి పోసి తెడ్డుతో తిప్పినాం. చూస్తా ఉండగానే, పది నిమిషాల్లో, తెడ్డు నిలబడే జావ జారిపోయి పాలలాగా అయింది. నాలుక మీద పెట్టుకుంటే తీపి. చక్కెర వెయ్యలేదు, బెల్లం వెయ్యలేదు. చిన్నాయన రెండు సార్లు రుచి చూసి, "ఎవురన్నా బెల్లం ఏసినారా?" అని అందరి మొహాలూ చూసినాడు. ఇంత జావలో ఎంత పిండి ఉందో తెలుసా, సంగటి ముద్ద రెండంత. అది మింగే పని లేకుండా గటగటా తాగొచ్చు. అవ్వలాంటి మనిషికి ఇంతకంటే ఏం కావాల? బాలింతలకీ, కపిల తోలి అలిసిపోయి వచ్చినోళ్ళకీ ఇదే ఇచ్చేది అని అవ్వ చెప్పింది. అందుకే దాన్ని గట్టి అంబలి అనేవాళ్ళంట. గట్టి అంటే చిక్కన కాదు, బలమైనది.

వేడి సమస్య తీరింది. పులుపు సమస్య మొదలైంది.

చలికాలంలో చిక్కబళ్ళాపురంలో కుండ రెండు రాత్రులకి కూడా సరిగ్గా పులిసేది కాదు. పెరుగుకి తోడు ఉన్నట్టు దీనికీ తోడు కావాల, పాత అంబలి ఒక గరిటె. మాకు పాత అంబలి లేదు, కొత్త కుండకి ఒంట్లో వాసన లేదు. నాలుగు సార్లు చేసి పారబోసినాక కుండ దారికొచ్చింది. ఆ తర్వాత కుండని సబ్బుతో కడిగిన వాళ్ళకి ఇంట్లో శిక్ష. (కడిగింది ఎవరో ఇక్కడ రాయం, ఆ మనిషి ఇది చదువుతాడు.)

ఏప్రిల్‌లో దానికి తిరగబడింది. ఎండ ముప్పై అయిదు దాటింది, మేము ఎప్పటిలాగే మూడో రాత్రి దాకా ఉంచినాం, గట్టిది కదా, ఇంకా గట్టిపడనీ అని. పొద్దున మూత తీస్తే నురగ. వాసన అంబలిది కాదు, కల్లుది. సరిగ్గా ఆ రోజే చింతామణి నుంచి అత్త వచ్చింది.

అత్త సంగతి మీకు చెప్పాల. మామ పోయి ఇరవై ఏళ్ళు దాటింది. సారాయి. మన ఊళ్ళల్లో అప్పట్లో ప్రతి మలుపులోనూ పాకెట్టు సారాయి దొరికేది. 2007 జులైలో కర్ణాటకలో సారాయి బంద్ అయిననాడు అత్త ఏమీ మాట్లాడలేదంట, పొయ్యి మీద పాయసం పెట్టిందంట, అంతే. అప్పటికే మామ లేడు. ఇద్దరు పిల్లల్ని చింతామణి మార్కెట్లో టమాటా గంపలు లెక్కపెడతా పెంచింది.

అత్త వంటింట్లోకి వచ్చి, మూత తీసి ఉన్న కుండ దగ్గర ఆగి, వాసన చూసింది. మావైపు చూడలేదు. కుండ రెండు చేతులా ఎత్తుకుని వెనక కొబ్బరిచెట్టు దగ్గరికి పోయి మొదట్లో పోసేసింది. కుండ బోర్లించి పెట్టి, చేతులు కడుక్కుని, "మీ పిల్లలు బడికి పోయినారా?" అని అడిగింది.

ఆ కుండ అంబలి అని చెప్పబోయినాం. చెప్పలేదు. చెప్పేదానికి ఏముంది, ఆమె ముక్కు తప్పు చెప్పలేదు కదా. అంతకుముందు తమ్ముడు వీడియోలో నల్ల సీసా చూపిస్తే ఆమె లేచి బయటికి పోయిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఏల్ అనీ, వందేళ్ళ రుచి అనీ మేము ముచ్చటగా మాట్లాడుకుంటా ఉంటే ఆ మాటలు ఆమెకి ఎట్లా వినపడినాయో మేము ఒక్కసారీ ఆలోచించలేదు. ఒక నెల కుండ ముట్టుకోలేదు.

ఆ నెలలో అవ్వ మళ్ళీ తగ్గింది.

మళ్ళీ మొదలుపెట్టినాక ఇంకో చిక్కు. పొద్దున తాగి బాగుంది అన్నదాన్ని అవ్వ సాయంత్రం ఇది కాదు అనేది. ఒకే కుండ, ఒకే అంబలి. ఒకసారి, "మజ్జిగ యాడ? మజ్జిగ లేకుండా ఎట్ల తాగేది?" అని. ఇంకోసారి మజ్జిగ పోసి ఇస్తే, "దీంట్లో మజ్జిగ ఎవురు పొయ్యమన్నారు?" అని. టెస్టింగులో ఇట్లాంటిదాన్ని ఫ్లేకీ అంటాం, కోడు మారదు, ఒకసారి పాస్, ఒకసారి ఫెయిల్. వయసు, మరుపు అని డాక్టరు అన్నారు. మాకూ అట్లే అనిపించింది, ఇంక వదిలేద్దాం అనుకున్నాం. ఉన్న ఒకే పుస్తకంలో పేజీలు కలిసిపోయినాయి, ఏం చేస్తాం?

ఆ మాట అత్త దగ్గర అన్నాం, ఫోన్లో, వేరే ఏదో మాట్లాడతా. అత్త కాసేపు ఆగి, "మరుపు కాదురా. అమ్మ రెండు అంబళ్ళు తాగింది. మీరు ఏది అని అడిగినారా?" అనింది.

అడగలేదు.

అవ్వ పుట్టిల్లు కదిరి దగ్గర పల్లె. పద్నాలుగేళ్ళకి పెళ్ళి చేసుకుని ఈ బాగేపల్లి వైపు వచ్చింది. పుట్టింట్లో పాడి లేదు, మజ్జిగ లేదు, అందుకని వాళ్ళమ్మ మొలకపిండితో తీపీ బలమూ తెప్పించేది. అత్తగారింట్లో మూడు బర్రెలు. అక్కడ అంబలి అంటే మామూలు పిండి, ఒక రాత్రి పులుపు, పొద్దున చెంబుడు మజ్జిగ. కొత్తకోడలు మొలకపిండి నానబెడితే, "మా ఇంట్లో మజ్జిగకి కరువా?" అని అత్తగారు అనిందంట. ఆ తర్వాత అవ్వ ఆ ఇంట్లో మొలకపిండి అంబలి చెయ్యనే లేదు. అరవై ఏళ్ళు. కదిరి ముత్తవ్వ కూతుర్ని చూసేదానికి వచ్చినప్పుడు పెరట్లో మూడురాళ్ళు పెట్టి మనవరాలికి, అంటే మా అత్తకి, చేసి తాగించేదంట. అత్త దాని రుచి ఎరుగును. మేము నాలుగు నెలలు పుస్తకం లేదు అని తిరిగినాం, రెండో పుస్తకం చింతామణిలో ఉండింది, మా కుండని కొబ్బరిచెట్టుకి పోసింది.

"రెండు రాత్రులే" అని చెప్పింది అత్త. "మూడో రాత్రికి దూడలకి పోసేసేది. మీకు ఎవురు చెప్పినారు మూడు రాత్రులు?"

ఎవరూ చెప్పలేదు. గట్టి అనే మాట విని మేమే కల్పించుకున్నాం. తమ్ముడికి చెబితే వాడూ ఒప్పుకున్నాడు. స్కాచ్ ఏల్ అంటే పొగవాసన మాల్టు వెయ్యాల, గంటలు గంటలు మరిగించి మాడ్చాల అని ఇప్పటి కొత్త పుస్తకాలు చాలా చెబుతాయంట. విస్కీని చూసి ఏల్‌కి అంటగట్టినారు. పాత లెక్కల పుస్తకాలు తీస్తే పొగ మాల్టు మాట లేదు, కాచిన గంటలు మామూలే. వాడు మొదటి రెండు కాపులు ఆ పొగతోనే పాడు చేసుకున్నాడు. పాతది అంటే ఇట్లే ఉండుంటుంది అని మనం అనుకునేది ఒకటి, వాళ్ళు నిజంగా చేసింది ఒకటి.

మే నెల రెండో ఆదివారం అత్త చింతామణి నుంచి, మేము చిక్కబళ్ళాపురం నుంచి బాగేపల్లికి పోయినాం. అత్త చేసింది. మేము పక్కన నిలబడి రాసుకున్నాం, ఈసారి తెలుగు అక్షరాల్లోనే. పావుకిలో రాగిపిండి. ఒకటిన్నర లీటరు నీళ్ళు, దాంట్లో సగం ఎసరు పెట్టి, సగంలో పిండి ఉండలు లేకుండా కలిపి పోసేది. కలుపుతానే బాగా ఉడకాల. కుండలోకి తిప్పి, అరచెయ్యి లెక్క మూడుకి వచ్చినాక, ఎండలో ఎండించిన మొలకపిండి రెండు పెద్ద గరిటెలు. మూతపెట్టి గుడ్డ చుట్టి అరగంట. మళ్ళీ పొయ్యి మీద ఒక పొంగు. పూర్తిగా ఆరినాక పాత అంబలి ఒక గరిటె తోడు. చలికాలం రెండు రాత్రులు, ఎండాకాలం ఒక్కటే. ఉప్పు తాగేముందు.

సోమవారం పొద్దున ఇంటి పనికి సెలవు పెట్టి ఉండిపోయినాం. అత్త రెండు గిన్నెల్లో తెచ్చింది. ఒకటి మొలకపిండిది, మజ్జిగ లేకుండా. ఒకటి మామూలుది, మజ్జిగ పోసి. రెండూ మంచం పక్కన పెట్టి, "అమ్మా, ఇది కదిరిది, ఇది ఇక్కడిది" అనింది.

అవ్వ కదిరిది తీసుకుని సగం తాగింది. గిన్నె కింద పెట్టి, మజ్జిగది తీసుకుని రెండు గుక్కలు తాగింది. మళ్ళీ మొదటిది. ఎర్రగడ్డ కావాల అనింది. పిన్ని ఉల్లిపాయ కోసం పరిగెత్తింది. అవ్వ అత్త వైపు చూసి, "ఉప్పు తక్కువేసినావు. మా అమ్మా అట్లే" అనింది.

ఇప్పుడు రోజూ పొద్దున ఒక గిన్నె తాగుతుంది. ఒక్కోరోజు ఏది అడుగుతుందో తెలీదు, పిన్ని రెండూ సిద్ధం పెడుతుంది. బరువు పెద్దగా పెరగలేదు గానీ తగ్గడం ఆగింది. గోడ పట్టుకుని నాలుగు అడుగులు వేస్తుంది. తమ్ముడు సంక్రాంతికి వస్తాడు, రాగి మొలకపిండి తీసుకుపోయి వాళ్ళ ఏల్‌లో కలిపి చూస్తాడంట. ఆ సీసా మాత్రం ఇంటికి తేవద్దని చెప్పినాం.

దారికొచ్చిన కుండ ఇప్పుడు మా దగ్గర లేదు. చింతామణికి పోయేటప్పుడు అత్త దాన్ని ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కింది. మేము కొత్తది కొన్నాం, తోడు కోసం ఆమెని అడగాల.